చెల్లికి లూపస్ నెఫ్రైటిస్: ఇమ్యూనిటీ పెంచాలా, తగ్గించాలా? సైటోకైన్లు కిడ్నీలో ఏం చేస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ చెల్లికి 23 ఏళ్లు. రెండు నెలలుగా కాళ్ల వాపులు, మూత్రంలో నురగ. కిడ్నీ బయాప్సీలో లూపస్ నెఫ్రైటిస్, క్లాస్ 4 అని వచ్చింది. అంటే ఇమ్యూనిటీ దారి తప్పి సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ జబ్బు కిడ్నీకి పాకిందన్నమాట. 24 గంటల మూత్రంలో ప్రోటీన్ 3.2 గ్రాములు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6, రక్తంలో సీ3, సీ4 అనే ప్రోటీన్లు రెండూ తక్కువ. డాక్టరు గారు స్టెరాయిడ్, మైకోఫెనొలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర రాశారు. ఇంట్లో పెద్దవాళ్లేమో "అసలే నీరసంగా ఉన్న పిల్లకి ఇమ్యూనిటీ తగ్గించే మందులేంటి, తిప్పతీగ కషాయం ఇద్దాం" అంటున్నారు. మీరు నెట్‌లో సైటోకైన్ల గురించి చదివారు. ఏ సైటోకైన్ వల్ల ఈ జబ్బు వచ్చిందో పరీక్ష చేయించి, దాన్నొక్కదాన్నే ఆపే ఇంజెక్షన్ వేయిస్తే సరిపోదా అని అడుగుతున్నారు. బీపీ 110/70 ఉన్న అమ్మాయికి బీపీ మాత్ర ఎందుకన్నది మీ చివరి సందేహం.

ముందు తొందరగా తేల్చుకోవాల్సిన మాట చెప్తాను. కషాయం వద్దు. రాసిన మందుల్లో ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు, ముఖ్యంగా స్టెరాయిడ్. కొన్ని వారాలు స్టెరాయిడ్ వాడిన ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ దాదాపు ఆగిపోతుంది. మాత్ర ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఎందుకిలా అంటున్నానో ఇక నిదానంగా చదవండి. నేను కిడ్నీ డాక్టరుగా 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. లూపస్ నెఫ్రైటిస్‌తో వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ చెల్లి వయసు ఆడపిల్లలే. వాళ్ల ఇళ్లలో నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా అచ్చం మీ పెద్దవాళ్లు అడిగిందే.

ఇమ్యూనిటీ అనగానే మనకి ట్యాంకులో నీళ్లలా ఎక్కువో తక్కువో ఉండేదన్న ఊహ వస్తుంది. కోవిడ్ రోజుల్లో ఆ ఊహ ఇంకా గట్టిపడింది. నిజానికి అది కోట్ల కణాల గుంపు. ఆ కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే పని జరుగుతుంది. మాట్లాడుకోవడానికి అవి చిన్న చిన్న ప్రోటీన్లు వదులుతాయి. వాటినే సైటోకైన్లు అంటాం. మైకులు రాకముందు ఊళ్లలో టముకు వేసేవాళ్లు కదా, అలాంటివే ఇవి. ఒక కణం టముకు వేస్తుంది. ఆ మాట వినడానికి తగిన రిసెప్టర్ ఉన్న కణాలు విని, తమ వంతు పనికి కదులుతాయి. ఇంటర్‌ఫెరాన్ మోగితే "వైరస్ వచ్చింది" అని అర్థం. టీఎన్‌ఎఫ్ మోగితే రక్తనాళాల గోడలు జిగటగా మారి తెల్ల రక్తకణాలను పట్టి ఆపుతాయి. ఎంసీపీ-1 అనేది మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలను ఫలానా చోటికి రమ్మని పిలిచే పిలుపు. ఇంటర్‌ల్యూకిన్-6 మాట లివర్ దాకా వెళ్తుంది. అది విన్న లివర్, ఒంట్లో మంటకి గుర్తుగా కొలిచే సీఆర్‌పీని, హెప్సిడిన్ అనే ఇంకో పదార్థాన్ని తయారు చేస్తుంది.

ఆ హెప్సిడిన్ దగ్గర ఒక నిమిషం ఆగుదాం. మీ పెద్దవాళ్లు చూస్తున్న నీరసంలో దీని వాటా ఉంది. హెప్సిడిన్ పెరిగితే తిన్న ఐరన్ పేగు నుంచి రక్తంలోకి సరిగా రాదు. ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్‌కి కూడా తాళం పడుతుంది. ఐరన్ నిల్వని చూపే ఫెరిటిన్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ హిమోగ్లోబిన్ మాత్రం 8, 9 దగ్గరే ఉండిపోతుంది. ఐరన్ టానిక్ సీసాలు ఖాళీ అవుతూనే ఉంటాయి, ఫలితం ఉండదు. దీనికి తోడు ఇవే సైటోకైన్లు మెదడు మీద పనిచేసి ఆకలి చంపేస్తాయి, ఒళ్లు నొప్పులు, అలసట తెస్తాయి. ఫ్లూ జ్వరం వచ్చినప్పుడు మంచం దిగబుద్ధి కాదు చూడండి, అదీ చాలావరకు వీటి పనే. అంటే మీ చెల్లి నీరసం ఇమ్యూనిటీ తక్కువై వచ్చింది కాదు. ఆ పిల్ల ఒంట్లో టముకు రాత్రింబవళ్లు ఆగకుండా మోగుతోంది. ఈ ఒక్క సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం గొడవ తీరుతుంది.

మరి ఎందుకు ఆగడం లేదు? మన ఒంట్లో రోజూ లెక్కలేనన్ని కణాలు చనిపోతుంటాయి. వాటి చెత్తను, అందులోని డీఎన్‌ఏతో సహా, ఎప్పటికప్పుడు ఊడ్చేసే ఏర్పాటు ఉంది. సీ1క్యూ అనే కాంప్లిమెంట్ ప్రోటీన్ అందులో పెద్ద పనిమంతురాలు. పుట్టుకతోనే సీ1క్యూ లేనివాళ్లు చాలా అరుదు గానీ, అలాంటివాళ్లలో దాదాపు 90 శాతం మందికి లూపస్ వస్తుంది. చెత్త తీయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. లూపస్‌లో ఆ మిగిలిపోయిన డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని కొన్ని కణాలు వైరస్ ముక్కలనుకుని పొరబడి ఇంటర్‌ఫెరాన్ టముకు వేస్తాయి. లూపస్ రోగుల రక్తంలో ఇంటర్‌ఫెరాన్ ఎక్కువగా ఉందని 1979లోనే గమనించారు. 2003లో వాళ్ల రక్తకణాల జీన్లు చదివి చూస్తే, ఇంటర్‌ఫెరాన్ పిలుపు విన్న గుర్తులు వాటి నిండా ఉన్నాయి.

ఇంటర్‌ఫెరాన్ మోగాక బాఫ్ అనే ఇంకో సైటోకైన్ పెరుగుతుంది. బాఫ్ పని యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల్ని బతికించడం. మన సొంత డీఎన్‌ఏ మీదే యాంటీబాడీలు చేసే బీ కణాలు మామూలుగా అయితే మధ్యలోనే చనిపోవాలి. బాఫ్ ఎక్కువైతే అవీ బతికిపోతాయి. మీ రిపోర్టులో యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ అని ఒక అంకె ఉంటుంది, చూడండి. అది ఆ యాంటీబాడీల కొలత. అవి డీఎన్‌ఏతో అంటుకుని గుత్తులు కట్టి కిడ్నీ జల్లెడలో చిక్కుకుంటాయి. కొన్ని యాంటీబాడీలు నేరుగా అక్కడికే వెళ్లి అంటుకుంటాయి.

ఒంట్లో ఇన్ని అవయవాలు ఉండగా కిడ్నీకే ఎందుకు ఇంత దెబ్బ? గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. రెండు కిడ్నీల్లో కలిపి సుమారు 20 లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. వాటిని గ్లోమెరులస్ అంటాం. రోజుకి 180 లీటర్ల దాకా వడకడతాయి. ఇంత రక్తం ఇంత ఒత్తిడితో ఇంత సన్నటి జల్లెడలోంచి వెళ్తుంటే తేలుతున్న చెత్త అక్కడ చిక్కుకోవడంలో వింతేముంది?

మీ చెల్లి బయాప్సీలో తీసిన కణజాలం పెన్సిల్ లెడ్ అంత సన్నగా, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాంట్లో కొంత భాగానికి మెరిసే రంగు పట్టించి చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద చూస్తారు. మామూలు కిడ్నీ అయితే నల్లటి చీకటి తప్ప ఏమీ కనిపించదు. లూపస్ కిడ్నీలో గ్లోమెరులస్ ఒక్కొక్కటీ ఆకుపచ్చగా వెలిగిపోతుంది. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే మూడు రకాల యాంటీబాడీలు, సీ3, సీ1క్యూ, ఈ ఐదిటికీ విడివిడిగా రంగు వేస్తే ఐదూ వెలుగుతాయి. మేం దాన్ని ఫుల్ హౌస్ అంటాం. రిపోర్టులో ఆ మాట ఉందేమో చూడండి. మామూలు మైక్రోస్కోప్ కింద అదే గ్లోమెరులస్ కణాలతో కిక్కిరిసి ఉంటుంది, రక్తం పోవడానికి సందు కూడా కనపడదు. సగానికి పైగా గ్లోమెరులస్‌లు ఇలా ఉంటే క్లాస్ 4 అంటారు. ఇప్పటికీ అలాంటి స్లైడు చూసినప్పుడల్లా నాకు లోపల టెన్షన్ మొదలవుతుంది. ఆ కిక్కిరిసిన కణాలు ఇంకా మచ్చగా మారకముందే మందులు పడాలి.

ఇక్కడే సీ3, సీ4 సంగతి. ఇవి సైటోకైన్లు కావు, కాంప్లిమెంట్ అనే ఇంకో కుటుంబం. కానీ పనిలో వాటికి తోడుదొంగలు. యాంటీబాడీ గుత్తి కిడ్నీలో కూర్చోగానే సీ1క్యూ వచ్చి అంటుకుంటుంది. తర్వాత సీ4 చీలుతుంది, సీ3 చీలుతుంది, చివర సీ5 చీలుతుంది. సీ5 నుంచి విడిపోయే ముక్క, తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌ని గుంపులుగా పిలుస్తుంది. వచ్చిన న్యూట్రోఫిల్స్ అక్కడ చిమ్మే ఎంజైములతో జల్లెడ చిల్లులు పడుతుంది. అవి చనిపోతూ తమ డీఎన్‌ఏని కూడా అక్కడే వదిలేస్తాయి. దాన్ని చూసి మళ్లీ ఇంటర్‌ఫెరాన్. చక్రం తిరుగుతూనే ఉంటుంది. "సీ3 తక్కువ ఉందట, పెరగడానికి ఏం తినాలి" అని చాలామంది అడుగుతారు. అది తిండి వల్ల తగ్గింది కాదు, కిడ్నీలో మంటకి ఖర్చైపోయింది. మంట ఆరితే దానంతటదే పెరుగుతుంది. అందుకే మందులు పనిచేస్తున్నాయా లేదా చూడటానికి దాన్ని పదేపదే కొలుస్తాం.

ఇప్పుడు మందులు. ఏది ఏ అడుగు దగ్గర పనిచేస్తుందో తెలిస్తే ఇన్ని ఎందుకన్న అనుమానం పోతుంది. స్టెరాయిడ్ కణాల లోపలికి వెళ్లి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివాటిని తయారు చేయమనే ఆదేశాన్నే అడ్డుకుంటుంది. అన్ని టముకుల మీదా ఒకేసారి గోనెపట్టా కప్పినట్టు. వేగంగా పనిచేసేది ఇదే, ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే. అందుకే ఇప్పుడు మేం మునుపటికంటే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి త్వరగా తగ్గిస్తున్నాం. అంతా బాగుంటే ఆరు నెలలకల్లా రోజుకి 5 మిల్లీగ్రాముల దగ్గరికి తేవాలని చూస్తాం. మైకోఫెనొలేట్ లింఫోసైట్లు (బీ కణాలు, టీ కణాలు) విపరీతంగా పెరగకుండా ఆపుతుంది. దాని మూల పదార్థాన్ని 1893లో ఇటలీలో బర్తొలొమియో గోసియో అనే శాస్త్రవేత్త ఒక బూజు నుంచి తీశారు. అది ఇలాంటి జబ్బులకి మందు అవుతుందని తెలియడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. మైకోఫెనొలేట్ పడనివాళ్లకి సైక్లోఫాస్ఫమైడ్ ఇంజెక్షన్లు ఉన్నాయి. తక్కువ మోతాదు పద్ధతిలో రెండు వారాలకొకసారి 500 మిల్లీగ్రాములు, మొత్తం ఆరుసార్లు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ చిన్న మాత్ర, ఖరీదు తక్కువ. అందుకేనేమో దాన్ని ఎవరూ లెక్కచేయరు. "మలేరియా మాత్ర కదా డాక్టర్" అని మానేసినవాళ్లను ఎంతమందినో చూశాను. నేను పైన చెప్పానే, డీఎన్‌ఏ ముక్కల్ని వైరస్ అని పొరబడే కణాలని, ఆ పొరబడే చోటే పనిచేసే మందు ఇది. అంటే మొదటి దెబ్బ పడకముందే టముకు కర్ర పట్టుకుంటుంది. జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గిస్తుంది. ఇది వాడేవాళ్లలో కిడ్నీ ఎక్కువ కాలం నిలబడుతుంది. మోతాదు బరువుని బట్టి, కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. కంటి రెటీనా పరీక్ష మొదట్లో ఒకసారి చేయించాలి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లలో కంటికి ముప్పు ఎక్కువ కాబట్టి మీ చెల్లికి ఏటా చేయించండి. 2020లో కోవిడ్‌కి పనిచేస్తుందన్న ప్రచారంతో ఈ మాత్ర షాపుల్లో దొరకక లూపస్ పిల్లలు పడ్డ అవస్థ నేను మరచిపోలేను. రోజుకి పది ఫోన్లు వచ్చేవి, "సార్, ఇంకా నాలుగు మాత్రలే మిగిలాయి" అని.

ఏదో ఒక్క సైటోకైన్‌ని ఆపితే చాలదా అన్న మీ ప్రశ్న చాలా మంచిది. శాస్త్రవేత్తలు కూడా సరిగ్గా ఇలాగే అనుకుని పాతికేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. ఇంటర్‌ల్యూకిన్-6 లూపస్ కిడ్నీలో ఎక్కువగా ఉంటుంది కదా అని దాన్ని ఆపే సిరుకుమాబ్ అనే మందు ఇచ్చి చూశారు, పెద్దగా మేలు జరగలేదు. టీఎన్‌ఎఫ్‌ని ఆపే మందులు కీళ్లవాతంలో అద్భుతంగా పనిచేస్తాయి. కానీ అవే మందులు వాడిన కొందరిలో కొత్తగా లూపస్ లాంటి జబ్బు మొదలైంది. టీజీఎఫ్-బీటా ఇంకా చిత్రం. కిడ్నీలో మచ్చ కట్టించే ముఖ్యమైన సైటోకైన్ అదే. డయాబెటిస్ కిడ్నీ జబ్బులో దాన్ని ఆపే యాంటీబాడీ ఇచ్చి చూశారు. ఉపయోగం కనపడక ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. ఆ టీజీఎఫ్-బీటాయే మరోవైపు ఇమ్యూన్ కణాలను అదుపులో పెట్టే బ్రేకు కూడా. అది లేకుండా పుట్టించిన ఎలుకలు ఒళ్లంతా మంట లేచి కొన్ని వారాల్లోనే చనిపోతాయి. ఒకే సైటోకైన్ ఒక చోట కీడు, ఇంకో చోట మేలు చేస్తుంది. ఒక టముకు ఆపితే పక్కవాడు అందుకుంటాడు.

అయితే అన్ని ప్రయత్నాలూ వృథా కాలేదు. బాఫ్‌ని పట్టేసే బెలిముమాబ్ ఉంది. మామూలు మందులకి దాన్ని కలిపి 448 మందిలో రెండేళ్లు చూశారు. కిడ్నీ తగినంతగా కోలుకున్నవాళ్లు ఆ మందు తీసుకున్నవాళ్లలో 43 శాతం, తీసుకోనివాళ్లలో 32 శాతం. 2020 డిసెంబర్‌లో అమెరికాలో లూపస్ నెఫ్రైటిస్‌కి దాన్ని అనుమతించారు. ఆ వెంటనే 2021 జనవరిలో వోక్లోస్పోరిన్ వచ్చింది. మన దగ్గర కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకి రోజూ ఇచ్చే టాక్రోలిమస్ కూడా ఆ జాతి మందే. టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-2 అనే టముకు వేయకుండా ఆపడం వీటి పని. ప్రోటీన్ పోవడాన్ని కూడా ఇవి బాగా తగ్గిస్తాయి. ఇంటర్‌ఫెరాన్ రిసెప్టర్‌ని మూసేసే అనిఫ్రోలుమాబ్‌కి 2021లో లూపస్‌కి అనుమతి వచ్చింది. అంకెలు జాగ్రత్తగా చూడండి: 43, 32. తేడా నిజమే, విలువైనదే. కానీ మాత్రలు పక్కన పెట్టేసి ఇంజెక్షన్ ఒక్కదానితో సరిపెట్టుకోవచ్చని దాని అర్థం కాదు. వీటిని మాత్రలకి తోడుగానే ఇస్తారు. మీ చెల్లికి ఇలాంటి మందు అవసరమా అన్నది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఆమె ఎలా కోలుకుంటుందో చూసి మీ డాక్టరు గారితో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. కొందరు డాక్టర్లు మొదటి నుంచే కలుపుతారు, అదీ తప్పు కాదు.

పరీక్షల సంగతి. కోవిడ్ తర్వాత ల్యాబుల్లో ఐఎల్-6 (ఇంటర్‌ల్యూకిన్-6) పరీక్ష, సైటోకైన్ ప్యానెల్ అని దొరుకుతున్నాయి. మీ చెల్లికి వాటి మీద డబ్బు పెట్టకండి. ఆ అంకె గంటగంటకీ మారుతుంది, చిన్న జలుబుకి కూడా పెరుగుతుంది. దాన్ని బట్టి ఏ మందూ మారదు. కిడ్నీలో ఏం జరుగుతోందో చెప్పేవి మూత్రంలో ప్రోటీన్, మూత్రంలో ఎర్ర రక్తకణాలు, క్రియాటినిన్, సీ3, సీ4, యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ. ప్రోటీన్ మూడు నెలలకి కనీసం పాతిక శాతం, ఆరు నెలలకి సగం తగ్గాలి. ఏడాదికి 0.5 నుంచి 0.7 గ్రాముల లోపుకి రావాలని ఆశిస్తాం. మీ లెక్కలో అయితే 3.2 ఉన్నది మూడు నెలలకి 2.4కి, ఆరు నెలలకి 1.6కి దిగాలి. పది రోజులకే తగ్గలేదని ఆసుపత్రి మార్చేవాళ్లున్నారు. దెబ్బతిన్న జల్లెడ మానడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టండి.

సీఆర్‌పీ గురించి ఒక మాట, ఇది ఏదో ఒక రాత్రి మీకు పనికొస్తుంది. లూపస్ బాగా ముదిరి ఉన్నప్పుడు కూడా చాలామందిలో సీఆర్‌పీ పెద్దగా పెరగదు. ఇంటర్‌ఫెరాన్ దాన్ని అణిచి ఉంచుతుంది. అందుకని మీ చెల్లికి జ్వరం వచ్చి సీఆర్‌పీ బాగా ఎక్కువ ఉంటే ముందు ఇన్ఫెక్షన్‌నే అనుమానించాలి. "లూపస్ జ్వరమేలే" అని ఇంట్లో పారాసెటమాల్ వేసి కూర్చోవద్దు. 100.4 దాటితే అదే రోజు చూపించండి. మన దేశంలో టీబీ భయం ఎప్పుడూ ఉంటుంది. ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న టీబీ చుట్టూ ఇమ్యూన్ కణాలు గోడ కట్టి కాపలా కాస్తుంటాయి. ఆ గోడ నిలబడాలంటే టీఎన్‌ఎఫ్ మాట వినపడుతూ ఉండాలి. మనం మందులతో ఆ మాట తగ్గించినప్పుడు గోడ బలహీనపడుతుంది. మందులు మొదలయ్యాక కూడా రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం కనపడితే దాచకుండా చెప్పమనండి. హెపటైటిస్ బీ పరీక్ష చేశారో లేదో కనుక్కోండి. న్యూమోనియా, ఫ్లూ టీకాల గురించి అడగండి. బతికున్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలు మాత్రం ఈ మందులు వాడుతుండగా వేయించకూడదు.

ఇక బీపీ మాత్ర. ఇది బీపీ కోసం ఇచ్చింది కాదు. జల్లెడ దాటి మూత్రంలోకి జారిన ప్రోటీన్ దారిలో కిడ్నీ గొట్టాల కణాల మీద పడుతుంది. ఆ కణాలు దాన్ని మింగి మింగి చివరికి అవే ఎంసీపీ-1 టముకు వేస్తాయి. మోనోసైట్లు అక్కడికి చేరతాయి, వెనకే టీజీఎఫ్-బీటా, దాని వెనక మచ్చ. అంటే లూపస్ చల్లబడ్డాక కూడా ప్రోటీన్ పోతూ ఉంటే కిడ్నీ నెమ్మదిగా ఎండిపోతూనే ఉంటుంది. టెల్మిసార్టాన్ గ్లోమెరులస్ లోపలి ఒత్తిడి తగ్గించి ప్రోటీన్ జారడాన్ని తగ్గిస్తుంది. టీజీఎఫ్-బీటాని రెచ్చగొట్టే హార్మోన్ అయిన యాంజియోటెన్సిన్‌కి కూడా అడ్డం పడుతుంది. వాడుతుండగా పొటాషియం, క్రియాటినిన్ చూసుకోవాలి. వాంతులు విరేచనాలు పట్టుకుని నీరసపడ్డ రోజున డాక్టరుకి ఫోన్ చేసి మాత్ర ఆపాలేమో అడగండి. లేచినప్పుడు కళ్లు తిరిగినా చెప్పాలి, 110/70 ఉన్న పిల్లకి మోతాదు చిన్నగానే మొదలుపెడతారు. గర్భం ఉన్నప్పుడు ఇది వాడకూడదు.

తిప్పతీగ గురించి ఇంట్లో ఎలా చెప్పాలో మీకు ఇబ్బందిగా ఉండొచ్చు. పెద్దవాళ్ల ప్రేమలో లోటు లేదు, వాళ్లు ఎరిగిన వైద్యం అది. కానీ ఇమ్యూన్ కణాలను రెచ్చగొడుతుందన్న పేరుతోనే దాన్ని అమ్ముతున్నారు కదా, మీ చెల్లికి ఇప్పుడు కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కోవిడ్ సమయంలో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు ప్రచురించారు. అందులో అప్పటికే ఇమ్యూన్ సంబంధ జబ్బులున్నవాళ్లు ఉన్నారు. పేరు లేని పొడులు, భస్మాలు ఇంకా ప్రమాదం. మన తెలుగువాళ్లు ఎంతోమంది వెళ్లే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నుంచే ఒక అధ్యయనం వచ్చింది. పాదరసం కలిసిన నాటు మందులు వాడినవాళ్లలో మెంబ్రేనస్ అనే ఇంకో రకం ఇమ్యూన్ కిడ్నీ జబ్బు రావడం వాళ్లు చూపించారు. కాళ్ల నొప్పులకి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కూడా వద్దు.

ఏడేళ్ల కిందట నా దగ్గరికి ఒక డిగ్రీ చదివే అమ్మాయి వచ్చేది. 19 ఏళ్లు, మీ చెల్లి లాంటి రిపోర్టే. నాలుగు నెలల్లో ప్రోటీన్ 4 గ్రాముల నుంచి 0.6కి వచ్చింది, మేమంతా సంతోషపడ్డాం. అయితే స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బింది, మొటిమలు వచ్చాయి. కాలేజీలో ఎవరో ఏదో అన్నారు. ఆ పిల్ల నాకు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. వాపులు లేవు, నురగ లేదు, ఇంకెందుకని మాత్రలన్నీ మానేసి ఎవరో ఇచ్చిన ఇమ్యూనిటీ పొడి మొదలుపెట్టింది. మూడు నెలల తర్వాత ఆయాసంతో తీసుకొచ్చారు. సీ3 34, క్రియాటినిన్ 4.1. రెండోసారి బయాప్సీ చేస్తే మొదటిసారి కిక్కిరిసి కనిపించిన గ్లోమెరులస్‌లలో చాలావరకు మచ్చలైపోయి ఉన్నాయి. మళ్లీ అన్ని మందులూ ఇచ్చాం. క్రియాటినిన్ 2.3 దగ్గర ఆగింది, అక్కడి నుంచి దిగలేదు. ఆ అమ్మాయిని తప్పుపట్టను. ముఖం ఉబ్బుతుందని, అది మందు తగ్గించాక పోతుందని నేనే ముందు కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. అప్పటినుంచి ప్రతి ఆడపిల్లకీ మొదటి రోజే చెప్తున్నాను. మీరూ మీ చెల్లికి ఇవాళే చెప్పండి. ఒంట్లో బాగున్నట్టు అనిపించడం వేరు, కిడ్నీలో మంట ఆరడం వేరు. రెండోది తెలియాలంటే మూత్రం పరీక్షే దారి. ఈ మందులు మొత్తం కలిపి కనీసం మూడేళ్లు వాడాల్సి వస్తుంది, ఆ తర్వాతే తగ్గించే మాట.

ఇది చదివే ఇతరులకి ఒక సంగతి. కిడ్నీ జబ్బులన్నీ లూపస్‌లా ఉండవు. ఐజీఏ నెఫ్రోపతీలో ఏప్రిల్ అనే సైటోకైన్, కాంప్లిమెంట్ ముఖ్యం. కాంప్లిమెంట్‌ని ఆపే ఇప్టాకోపాన్ అనే మందుకి 2024లో అమెరికాలో ఆ జబ్బుకి అనుమతి వచ్చింది. పిల్లల్లో వచ్చే మినిమల్ చేంజ్ జబ్బుకి ఏదో సైటోకైన్ కారణమని 1974 నుంచి వెతికారు. తీరా ఈ మధ్య చూస్తే చాలామందిలో నెఫ్రిన్ అనే జల్లెడ ప్రోటీన్ మీద యాంటీబాడీలు దొరికాయి. మన ఉద్దానం కిడ్నీ జబ్బు వీటిలో ఏదీ కాదు. అక్కడ దెబ్బ ఎక్కువగా గొట్టాల భాగంలో ఉంటుంది, మూత్రంలో ప్రోటీన్ తక్కువగా పోతుంది, కారణం ఇంకా తేలలేదు. కాబట్టి మీ చెల్లి మందుల చీటీ చూసి ఇంకెవరూ వాడొద్దు, వాళ్ల చీటీ మీరూ వాడొద్దు.

ఎండ గురించి మీ డాక్టరు గారు చెప్పే ఉంటారు. ఎండలోని అతినీల కిరణాలకి చర్మ కణాలు చనిపోయి, ఆ చెత్త మళ్లీ ఇంటర్‌ఫెరాన్‌ని లేపుతుంది. మన వేసవిలో మధ్యాహ్నం బయటికి వెళ్లాల్సి వస్తే గొడుగు, పొడుగు చేతుల బట్టలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఉప్పు తగ్గించండి, ఊరగాయ పక్కన పెట్టండి.

మీరు అడగలేదు గానీ మీ అమ్మానాన్నల మనసులో ఉండే ఉంటుంది, పెళ్లి, పిల్లలు. జరుగుతాయి. నా దగ్గర చూపించుకుని తల్లులైన లూపస్ అమ్మాయిలు చాలామందే ఉన్నారు. కానీ జబ్బు కనీసం ఆరు నెలలు నెమ్మదించి ఉండాలి, ముందే ప్లాన్ చేసుకోవాలి. మైకోఫెనొలేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. గర్భానికి కనీసం ఆరు వారాల ముందు ఆపి అజథయోప్రిన్‌కి మార్చాలి. మైకోఫెనొలేట్ వాడుతున్నంతకాలం గర్భం రాకుండా జాగ్రత్త తప్పదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంలో కూడా కొనసాగించాలి. వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష చేశారా అని అడగండి. గర్భం నిలవకపోవడానికీ, రక్తం గడ్డ కట్టడానికీ వాటితో సంబంధం ఉంది. బయాప్సీ రిపోర్టు పూర్తి కాపీ తీసి ఫోన్‌లో పెట్టుకోండి. అందులో యాక్టివిటీ ఇండెక్స్, క్రానిసిటీ ఇండెక్స్ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది మందుతో తగ్గించగలిగే మంట, రెండోది ఇప్పటికే పడిన మచ్చ. పేరు, ఆసుపత్రి వివరాలు కనపడకుండా చేసి ఆ రెండు అంకెలు ఇక్కడ రాస్తే ఇంకాస్త వివరంగా చెప్పగలను.